గొంతు దాచిపెట్టి హైదరాబాదు పోయిన కథ

హైదరాబాదు నుంచి వచ్చిన నాటి నుంచి మా కోరుట్ల వాడకట్టులో నాకు బీడీలు చుట్టుకునే తీరిక లేకుండా పోయింది. పొద్దున లేస్తే ఒకామె వస్తుంది, పొద్దు గూకితే ఇంకొకామె. పిల్లను ఎట్లా విడిచి వచ్చినవు, పాటలకు అంత దూరం పోవాలా, ఇంట్లో టీవీ లేదా అని అడుగుతారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పి చెప్పి దవడలు నొస్తున్నాయి. నేను చదివింది మూడో తరగతే కానీ, ఉప్పు పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవకుండా పారేయను. కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నాను. హైదరాబాదు చూడనివాళ్లు చదువుకోండి. చూసినవాళ్లు తప్పులు వెతకకండి.

శ్రావణి నా బిడ్డ పద్మకు కూతురు. పద్మను సిరిసిల్లలో ఇచ్చాము. వాళ్ల ఇంటి ముందటి అర్ర నిండా మరమగ్గాలే. అక్కడ వాటిని సాంచాలు అంటారు. ఆ చప్పుడులో పిల్ల పాట పిల్లకే వినపడదని చిన్నప్పుడే నా దగ్గర పెట్టారు. ఆదివారం ఆదివారం జగిత్యాల బస్సెక్కి సంగీతం నేర్చుకుంది. మొన్న డిగ్రీ అయిపోయింది. ఇక హైదరాబాదులో ఒక పెద్ద గురువు దగ్గర చేరి, కచేరీలు పాడే మనిషిని అవుతానని కూర్చుంది. ఆ గురువు ఏడాదికి ఒకరిద్దరిని మించి తీసుకోదట. పాడించి చూసి నచ్చితే ఉండమంటుంది, లేకపోతే తిరుగు బస్సే.

అల్లుడు నర్సయ్య తెలివిగల మనిషి. బరువంతా నా నెత్తిన పెట్టాడు.

"అత్తా, నువ్వు ఎంబడి పోయి చూడు. నువ్వు ఊఁ అంటె ఉంటది. లేకుంటె తోలుకరా, బీఈడీల చేర్పిద్దాం" అన్నాడు ఫోన్‌లో.

నేను పోయేదే నిజమైతే పద్ధతిగా పోవాలి. నిరుడు జగిత్యాలలో పాటల పోటీ పెట్టారు. ముందు రోజంతా ఈ పిల్ల ఇంట్లో గొంతు చించుకుంది. తెల్లారి పోటీలో గొంతు బొంగురుపోయి రెండో బహుమతి వచ్చింది. ఒక స్టీలు డబ్బా ఇచ్చారు, దానికి మూత పట్టదు. ఆ డబ్బా చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈసారి ముందే కట్టడి చేశాను. ఇల్లు కదలడానికి వారం ముందు నుంచి గురువు ముందు కూర్చునే దాకా నోరు తెరవకూడదు. పాట వద్దు, మాట వద్దు, పెరుగు వద్దు, చల్లనీళ్లు వద్దు. చెంపలో పటికబెల్లం ముక్క పెట్టుకుని కూర్చోవాలి. పిల్ల ఏదో అనబోయింది. "అగో, అప్పుడే ఖర్చు వెట్టవడితివి" అన్నాను. మూసుకుంది.

జగిత్యాల

కోరుట్లలో పొద్దున బస్సెక్కితే పచ్చజొన్న రొట్టె సద్ది చల్లారకముందే జగిత్యాల వచ్చేస్తుంది. అక్కడ పిల్ల గురువుగారి ఇల్లు. ధర్మపురి నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయన ఇంట్లో ఇంకెవరూ మాట్లాడాల్సిన అవసరం రాదు, అన్నీ ఆయనే మాట్లాడతాడు. పిల్ల మూగనోము ఆయనకు తెలియనే లేదు.

కాళ్లకు మొక్కగానే లోపలి నుంచి ఒక తంబుర తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టాడు. కింద కుండంత బుర్ర, పైన నా అంత ఎత్తు కర్ర.

"సారూ, ఫోన్‌ల గదే చప్పుడు అస్తది గద. బరువు లేదు, జాగ పట్టది."

"హైదరాబాదు మేడం ముంగట ఫోను పెడితె లేచి పొమ్మంటదమ్మా. తంబుర లేనిది కూసోదు. గిది నా గురువు నాకిచ్చిండు. శ్రావణికి కాక ఎవలకిస్త?"

ఆ మాటకు పిల్ల కళ్లు తడి అయ్యాయి. నేను మాత్రం ఆ బుర్రను బస్సులో ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాను. పాత దుప్పటి చుట్టి తాడు కట్టాము. బస్టాండుకు పోయేసరికి నా నడుము వంగింది.

సిరిసిల్ల బస్సులో కండక్టరు ఆడమనిషి, పద్మ ఈడుది. మా ఇద్దరి ఆధార్ కార్డులు చూసి సున్నా టికెట్లు కొట్టింది. తర్వాత కిటికీ పక్కన సీట్లో కూర్చున్న తంబుర వైపు చూసింది.

"అవ్వా, దీనికి టికెట్ తీస్కోవాలె."

"ఆడోళ్లకు ఫ్రీ అంటిరి గద."

"గది ఆడిదో మొగదో నాకెట్ల తెలుస్తది? ఆధార్ ఉంటె చూపెట్టు, గొడతా సున్నా."

బస్సంతా నవ్వింది. శ్రావణి కూడా నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. మనుషులం ఇద్దరం ఊరికే పోయాము, కట్టె డబ్బులు ఇచ్చి పోయింది. ఇటువంటి లెక్క నేను ఎక్కడా చూడలేదు.

మల్యాల దాటాక పక్క సీటు ఆమె మాట కలిపింది. నేను పెట్టిన సకినం నములుతూ పిల్లను అడిగింది, ఏ ఊరు బిడ్డా అని. పిల్ల చేతితో వెనక్కి చూపించింది. ఏం చదివినవు అంటే నవ్వింది.

"అయ్యో, నోరు రాదా?"

"అస్తది. దాచిపెట్టిన" అన్నాను.

"నోరు దాచిపెట్టుడేందమ్మా? గదేమన్న బంగారమా?" అని, నాకే ఏదో తేడా ఉందనుకుని, మిగిలిన సకినం చేతిలో పట్టుకుని వెనక సీటుకు పోయింది. సకినం వాపసు ఇవ్వలేదు.

వేములవాడ బస్టాండు

ఇక్కడ బస్సు చాలాసేపు ఆగింది. గాలి ఆడక కిందకు దిగి, తంబురను గోడకు ఆనించి కూర్చున్నాము. దర్శనం చేసుకుని వస్తున్న ఒక ముసలామె మా ముందు నిలబడింది. తంబురను చూసింది, పలకరిస్తే సైగ చేసిన పిల్లను చూసింది, నా మాసిన సంచిని చూసింది. మూట విప్పి దోసెడు బియ్యం నా కొంగులో పోసింది.

"పిల్లకు నోరు రాకున్నా నువ్వు కత చెప్పి సాదుతున్నవు తల్లీ. రాజన్న చల్లగ చూస్తడు."

తంబుర పట్టుకుని ఊరూరా కథలు చెప్పేవాళ్లు మా దిక్కు ఉన్నారు. మమ్మల్ని వాళ్లనుకుంది. బీడీల మీద బతికాను గానీ ఒకరి ముందు కొంగు పట్టలేదు. మేము ఆ మనుషులం కాదని చెప్పేలోపు ఆమె దండం పెట్టి గుంపులో కలిసిపోయింది. వచ్చిన గింజను నేల మీద పోయలేము. పిల్ల పొట్ట పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వుతూనే ఉంది. బియ్యాన్ని దస్తీలో మూట కట్టాను. మంచి సన్నబియ్యం, రాయి రప్ప లేవు. ఆ మాట కూడా చెప్పాలి.

సిరిసిల్ల

సిరిసిల్ల గురించి పోనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అక్కడ గల్లీ గల్లీలో సాంచాలు నడుస్తూనే ఉంటాయి కాబట్టి మనుషులు సగం మాటలు చేతులతోనే చెప్పుకుంటారు. బువ్వ తిన్నావా అంటే వేళ్లు మూడు కలిపి నోటి దగ్గర పెడతారు. చాయ్‌కి ఒక సైగ, అప్పులవాడు వస్తున్నాడంటే ఇంకొక సైగ. కోరుట్లలో ఇట్లా చేస్తే పిచ్చి అనుకుంటారు. మా పిల్ల నోరు మూసుకుని రావడం ఆ ఊళ్లో ఎవరికీ తేడాగా అనిపించలేదు. తల్లీ కూతురు చేతులతోనే ముచ్చట్లన్నీ పెట్టుకున్నారు.

పద్మ మక్క గట్క, పచ్చిపులుసు చేసింది. పులుసు పిల్లకు వద్దన్నాను. పద్మ నన్ను చూసి తల కొట్టుకుంది.

మధ్యాహ్నం తినడం అయ్యాక నర్సయ్య లేచి పోయి మీట నొక్కాడు. సాంచాలు ఆగిపోయాయి. చెవుల్లో ఎవరో దూది పెట్టినట్టయింది. అల్లుడు చేతులు తుడుచుకుని కూతురు ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఒక్కటి పాడు బిడ్డా. రేపు పోతున్నవు. నీ పాట మంచిగ ఇనక ఎన్నేండ్లాయె."

అంతలోనే గల్లీకి గల్లీ మా గడప ముందుకు వచ్చింది. ఆ ఊళ్లో పట్టపగలు సాంచాలు ఆగాయంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఒకామె ఏడుపు ముఖం కూడా పెట్టుకునే వచ్చింది.

"ఎవలు పోయిండ్రు నర్సన్నా? ముసలామెనా?"

"నేను ఈడ్నే ఉన్న" అన్నాను.

సంగతి తెలిసి అందరూ అక్కడే కూర్చున్నారు. పిల్ల తండ్రిని చూసింది. తర్వాత నన్ను చూసింది. గొంతు సవరించుకుంది.

"అద్దు" అన్నాను. "రేపు గురువు ముంగట పాడాలె. ఇంత దూరం దాచుకచ్చింది ఈడ ఒలకపోస్తవా? నిరుటి డబ్బా యాదికి లేదా?"

"ఒక్కటే గదా అత్తా."

"ఒక్కటే ఒక్కటే అనుకుంటనే పాయె మొదటి బహుమతి."

నర్సయ్య లేచి వెళ్లి మీట నొక్కి సాంచాలు నడిపించాడు. గల్లీవాళ్లు చేతులతో ఏదో అనుకుంటూ పోయారు. ఆ సైగలు నాకు అర్థం కాలేదు కానీ ఎవరి గురించో అర్థమైంది. ఇటువంటివాటికి నేను వెనక్కి తగ్గే మనిషిని కాదు.

హైదరాబాదు

తెల్లారి సిద్దిపేట మీదుగా పోయాము. బస్సు దిగగానే ఆటోవాళ్లు ఈగల్లా ముసిరారు, తంబురను చూసి ఈగల్లాగే లేచిపోయారు. ఒకడు ఒప్పుకుని, సగం దూరం పోయాక అది ముగ్గురి లెక్క అన్నాడు. దారిలో ఇడ్లీ తిన్నాము. నాలుగు ఇడ్లీలకు అడిగిన ధరకు మా కోరుట్లలో ఇంటిల్లిపాదీ తింటారు. చట్నీ రెండోసారి అడిగితే వడ్డించేవాడు నేను వాళ్ల గిన్నె కూడా అడిగినట్టు చూశాడు. చాయ్ ఇచ్చిన కప్పు కళ్లలో మందు వేసుకునేంత ఉంది.

గురువుగారి ఇల్లు మాత్రం నిమ్మళంగా ఉంది. నా ఈడు మనిషి, నేత చీర, కళ్లద్దాలు. నేను తంబుర దింపి నడుము పట్టుకున్నాను. ఆమె దాన్ని చూసి, "మా ఇంట్లో రెండున్నాయి కదమ్మా, ఇంత బరువు ఎందుకు మోసుకొచ్చారు?" అంది.

పిల్లను కూర్చోబెట్టి శ్రుతి పెట్టింది. శ్రావణి నోరు తెరిచింది. అది నా పిల్ల గొంతు కాదు. కింద గరగర, పైకి పోతే చీలిక. రెండోసారి మొదలుపెట్టింది, మధ్యలోనే ఆగింది. మూడోసారికి చెంపల మీద నీళ్లు కారాయి.

"సాధన చేసి ఎన్నాళ్లైంది?" అని అడిగింది గురువు.

పిల్ల నా వైపు చూసింది. నేనే చెప్పాను, మంచి పని చేశాననే ధైర్యంతో.

"వారం దినాల సంది ఒక్క ముక్క పలుకనియ్యలె మేడం. గొంతంత మీకోసమే దాచి తెచ్చిన."

ఆమె కళ్లద్దాలు తీసింది.

"అమ్మా, మీరెప్పుడైనా జ్వరమొచ్చి మంచం పట్టారా?"

"పట్టిన."

"లేచిన రోజే పరుగెత్తగలిగారా?"

నేను తల దించుకోలేదు. "రేపు పొద్దున రండి. ఈలోపు పాడించండి, మెల్లగా, కింది స్థాయిలో. రేపు కూడా ఇలాగే ఉంటే నేను చేసేదేం లేదు" అని లేచింది.

వీధిలోకి వచ్చాక, ఇక మాట్లాడొచ్చు అని పిల్లకు చెప్పాను. అది మాట్లాడలేదు. అంతకుముందు నేను వద్దన్నానని మూసుకుంది, ఇప్పుడు తనకే ఇష్టం లేక మూసుకుంది. ఆ రెండింటికీ తేడా నాకు తెలిసింది.

పాటకు జాగ లేని ఊరు

ఆ ఊళ్లో పాడుకోవడానికి జాగ వెతకడం ఎంత కష్టమో చెబితే నమ్మరు. హారన్లు, డీజేలు, ఇల్లు పడగొట్టే మిషన్లు అన్నీ నడుస్తుంటాయి. వాటిని ఎవరూ ఏమనరు. ఒక ఆడపిల్ల మెల్లగా 'స' అంటే మాత్రం అందరికీ చెవులు వస్తాయి. మేము దిగిన ఆడపిల్లల హాస్టల్ గదిలో మొదలుపెడితే పక్క మంచం పిల్ల పరీక్షలున్నాయంది. డాబా మీదకు పోతే ఇంటి ఓనర్ తలుపు తీసి చూశాడు. పార్కుకు పోతే వాచ్‌మన్ నడిచేవాళ్లకే పార్కు అన్నాడు. నడుస్తూ పాడుతుందిలే అన్నాను. వాడు నవ్వలేదు. గుడికి పోతే అక్కడ మైకులో రికార్డు పాట నడుస్తోంది, మనిషి పాటకు వంతు లేదు.

విసిగి హాస్టల్‌కు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. హాస్టల్ చూసుకునే ఆమె మా జగిత్యాల పక్క బుగ్గారం దిక్కు మనిషని మాటను బట్టి తెలిసింది. సంచిలో మిగిలిన సకినాలు ఆమె చేతిలో పెట్టి సంగతంతా చెప్పాను.

"నువ్వు మంచిగనే చేసినవు పెద్దమ్మా" అంది, ఒకటి విరుచుకుంటూ. "పిల్ల గొంతు మూటగట్టి తెచ్చినవు. మూట ఇప్పుదామంటె ఇక్కడ జాగ లేదు."

"ఎక్కిరించుడు అయిపోతె ఉపాయం చెప్పు."

"పొద్దుగాల ట్యాంకు నింపెటందుకు మోటరేస్త. గది బొయ్యిమన్నంతసేపు ఎవలకు ఏం ఇనవడది. మోటరు పక్కపొంటి కూసోని పాడుకొమ్మను. మోటరు బందయితె నోరు బంద్ కావాలె, మల్ల నా మీదికి రావద్దు."

తెల్లవారుజామున మోటరు పక్కన బకెట్ బోర్లించి పిల్లను కూర్చోబెట్టాను. తంబుర దుప్పటి విప్పాము. ఎక్కడ గుద్దుకుందో ఏమో, ఒక తీగ తెగి వేలాడుతోంది. మిగిలిన మూడింటితోనే మొదలుపెట్టింది. మోటరు మోతలో నాకు పిల్ల పెదవులు కనిపిస్తున్నాయి కానీ పాట వినిపించడం లేదు. కాసేపటికి దగ్గరకు జరిగి చెవి పెట్టాను. గరగర కొంచెం కొంచెంగా పోతోంది, వేడినీళ్లలో పెడితే గడ్డకట్టిన నెయ్యి కదిలినట్టు. మోటరు ఆగే సమయానికి పిల్ల కళ్లు మూసుకుని ఉంది. అది ఆగింది కూడా చూసుకోలేదు. ఒక్క క్షణం ఆ గొంతు గోడల మధ్య ఒంటరిగా నిలబడింది. పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది. నేను పిల్ల భుజం తట్టబోయి ఆగాను. ఎవరూ ఏమీ అనకుండానే కిటికీ మళ్లీ మూసుకుంది.

పీట మీద

గురువు ఈసారి పూర్తిగా విన్నది. మెచ్చుకుంటుందేమో అని చూశాను. మెచ్చుకునే రకం కాదు.

"గొంతుంది. తొందర కూడా ఉంది. మా దగ్గర సరళీ వరసల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఇప్పట్లో కీర్తనలు అడగకూడదు."

సరళీ వరసలంటే చిన్నపిల్లలకు చెప్పే మొదటి పాఠం, సరిగమపదని.

"ఇన్నేండ్లు జగిత్యాల తిరిగి, కీర్తనలు నేర్చి, మల్ల అ ఆ ల కాడికా మేడం? గిట్లయితె ఈమె కచేరి జేసేది ఎన్నడు, నేను చూసేది ఎన్నడు?"

"చెప్పలేనమ్మా. ఇష్టం లేకపోతే తీసుకెళ్లండి. నేనేమీ అనుకోను."

తీసుకుపోదామనే లేచాను. ఊఁ అనే పని నాదే కదా, అల్లుడు నాకే ఇచ్చాడు కదా. సంచి భుజానికి తగిలించాను. అప్పుడు శ్రావణి మాట్లాడింది. ఇల్లు కదిలాక నేను అడగకుండా పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

"నేను ఉంట అమ్మమ్మా."

గట్టిగా అనలేదు. తంబుర పక్కన పెట్టి, నా ముఖంలోకి చూసి అంది. ఆ గొంతును దాచమన్నప్పుడు దాచింది, తండ్రి ముందు మూయమన్నప్పుడు మూసింది. ఇప్పుడు నన్ను అడగడం లేదు, చెబుతోంది. సంచి కింద పెట్టాను.

చేర్చుకునే ముందు గురువు పీట వేసి, దీపం పెట్టి, పళ్లెంలో బియ్యం పోయించి మొదటి పాఠం చెబుతుందట. పళ్లు, తమలపాకులు తెచ్చాను కానీ బియ్యం సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ గల్లీలో కిలోకు తక్కువ అమ్మరు. దస్తీ మూట విప్పి వేములవాడ బియ్యం పళ్లెంలో పోశాను. ఎక్కడివని గురువు అడగలేదు, నేను చెప్పలేదు. పిల్ల మాత్రం పళ్లెం వైపు చూసి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

మళ్లీ సిరిసిల్ల

పోయేటప్పుడు ముగ్గురం, వచ్చేటప్పుడు నేనొక్కదాన్ని. కండక్టర్‌తో గొడవ లేదు. పక్క సీటు ఖాళీగా ఉన్నా సంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

సిరిసిల్లలో దిగి అల్లుడికి అంతా చెప్పాను. గొంతు చీలింది చెప్పాను, ఎవరి వల్లనో కూడా చెప్పాను. సాంచాల చప్పుడులో కొంత వినపడిందో లేదో, తల ఊపుతూ పోగులు అతుకుతూనే ఉన్నాడు. నేనే శ్రావణికి ఫోన్ చేయించి, చేతితో సాంచాల వైపు చూపించి, ఆపు అని సైగ చేశాను. ఆ ఊరి సైగ ఎట్లా ఉంటుందో నాకు తెలియదు కానీ అర్థం చేసుకున్నాడు.

మీట నొక్కాడు. ఫోన్‌ను గూట్లో పెట్టాము.

"బాపూ, పాట చెప్పలే ఇంకా. సరిగమలే ఉన్నయి."

"గవ్వే పాడు బిడ్డా."

స రి గ మ అని మొదలైంది. గల్లీ మళ్లీ ఉరికి వచ్చింది. మొన్నటి ఆమె మళ్లీ అదే ముఖంతో గడపలో నిలబడింది.

"ఎవలు పోయిండ్రు?"

"ఎవలు పోలె. సప్పుడు జెయ్యక కూసో" అన్నాను.

కూర్చుంది. అందరూ కూర్చున్నారు. పిల్ల పైకి పోయింది, కిందకు వచ్చింది, అదే వరస మళ్లీ మొదలుపెట్టింది. నర్సయ్య నేల మీద మోకాళ్లు ముడుచుకుని, నోరు కొంచెం తెరిచి, గూటి వైపు చూస్తున్నాడు. కరెంటు బిల్లు ఎట్లాగూ వస్తుంది. సాంచాలు ఆగినంతసేపు బట్ట పోతుంది, కూలి పోతుంది. ఆ నష్టమంతా నాకు ఆ కూర్చున్న చోటనే తెలుస్తోంది.

అయినా ఇంకొకటి పాడమను అని అల్లుడికి చేతితో సైగ చేశాను.